నీటికి రెండు దారులు

సంస్కృత నిఘంటువుల్లో నీటికి ఉన్న పేర్లు ఎన్నో. జీవనం, అమృతం, భువనం, పయస్సు, సలిలం, ఉదకం అంటూ సాగే ఆ వరుసలో ఒక పేరు చదువరిని కాసేపు ఆపుతుంది. ఆ పేరు విషం. అమృతమూ విషమూ ఒకే పదార్థానికి పేర్లు కావడం మొదట వింతగా తోస్తుంది. కలరా, టైఫాయిడ్, విరేచనాలు మానవ సమాజాలను పీడించిన తీరు తెలిసినవారికి మాత్రం అది వింత కాదు. కొండల మీద కురిసి, ఇసుక పొరల్లో వడగట్టుకొని వచ్చిన నీరు అమృతం. ఆ నీటిలోనే ఊరి మురికి కలిసి తిరిగి కడవలోకి చేరితే అది విషం. ఒక ఊరి ప్రజలు తాగేది అమృతమా, విషమా అన్నది ఆ ఊరు చేసుకొన్న ఏర్పాట్లను బట్టి ఉంటుంది.

చెరువు తవ్వించడాన్ని మన పూర్వులు సప్తసంతానాలలో ఒకటిగా ఎంచారు. రాజులు, సామంతులు, సంపన్నులు తటాకాలు తవ్వించి ఆ పుణ్యాన్ని శిలాశాసనాల్లో చెక్కించుకొన్నారు. నీటిని తెచ్చి ఇవ్వడం అంతటి ఘనకార్యం. అయితే వాడిన నీటిని ఊరి నుండి క్షేమంగా సాగనంపడం కూడా పుణ్యకార్యమేనని ఆ జాబితాలో లేదు. వచ్చే నీటికి ఒక దారి, పోయే నీటికి ఒక దారి అనే రెండూ కలిస్తేనే ప్రజారోగ్యం నిలుస్తుందని గ్రహించి, ఆ రెండో దారికి కూడా మొదటి దారితో సమానమైన గౌరవాన్ని ఇచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆనకట్టల నిర్మాతగా, మైసూరు దివానుగా ఆయన పేరు లోకవిదితం. తాగునీటికోసం, మురుగునీటి పారుదలకోసం ఆయన చేసిన కృషి అంతగా ప్రచారంలోకి రాలేదు. ఈ పాఠం ఆ కృషిని పరిచయం చేస్తుంది.

విశ్వేశ్వరయ్య ఇంటిపేరులోని మోక్షగుండం ఆంధ్రదేశంలో గిద్దలూరుకు సమీపంలో ఉన్న గ్రామం. ఆయన పూర్వీకులు అక్కడి నుండి మైసూరు సీమకు వలస వెళ్లారు. చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దేనహళ్లి గ్రామంలో 1860ల ఆరంభంలో, సెప్టెంబరు 15వ తేదీన ఆయన జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వెంకటలక్ష్మమ్మ. ఆ కుటుంబానికి విద్య తప్ప చెప్పుకోదగిన సంపద లేదు. బాల్యంలోనే తండ్రి మరణించగా, విశ్వేశ్వరయ్య బెంగళూరులో మేనమామ అండతో చదువు సాగించారు. పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ వచ్చిన డబ్బుతో తన ఖర్చులు గడుపుకొంటూ సెంట్రల్ కళాశాలలో చేరి 1881లో బి.ఎ. పట్టా పొందారు. మైసూరు ప్రభుత్వం ఉపకార వేతనం మంజూరు చేయడంతో పూనాలోని సైన్సు కళాశాలలో ఇంజనీరింగు అభ్యసించి, 1883లో అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. మరుసటి సంవత్సరం బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా ఉద్యోగం లభించింది.

ఆయన ఉద్యోగంలో చేరిన 1884వ సంవత్సరానికి వైద్యశాస్త్ర చరిత్రలో విశిష్టమైన స్థానం ఉంది. జర్మనీ దేశపు శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ కలకత్తాలో పరిశోధనలు జరిపి, కలరాను కలిగించే సూక్ష్మజీవిని నిర్ధారించి, అక్కడి ఒక చెరువు నీటిలో దాని జాడను కనుగొన్నది ఆ ఏడాదే. అంతకు ముప్పై ఏళ్ల క్రితం, 1854లో, లండన్ నగర వైద్యుడు జాన్ స్నో ఒక వీధిలోని చేతిపంపు నీటికీ, ఆ పరిసరాల్లో సంభవించిన కలరా మరణాలకూ గల సంబంధాన్ని ఇంటింటా విచారించి తేల్చాడు. అయినప్పటికీ చెడుగాలి వల్లనే వ్యాధులు వ్యాపిస్తాయనే నమ్మకం చాలాకాలం సడలలేదు. నీటి మార్గాన వచ్చే వ్యాధిని నీటి మార్గంలోనే అరికట్టవచ్చుననే సంగతి క్రమంగా స్థిరపడుతున్న తరుణంలో విశ్వేశ్వరయ్య వృత్తిజీవితం మొదలయింది. రోగం వచ్చాక చికిత్స చేయడం వైద్యుని పని అయితే, రోగం రాకుండా దారి మూయడం ఇంజనీరు పని అయింది.

ఈ విషయంలో ఆయనకు ఎదురైన తొలి పెద్ద పరీక్ష సింధు రాష్ట్రంలోని సుక్కూరు పట్టణం. నేడు పాకిస్తాన్‌లో ఉన్న ఆ పట్టణం నాడు బొంబాయి రాజధానిలో భాగం. పక్కనే సింధు మహానది ప్రవహిస్తున్నా పట్టణవాసులకు మంచినీరు లేదు. సంవత్సరంలో అధికభాగం ఆ నదీజలం ఒండ్రుతో నిండి బురదరంగులో ఉండేది. ఆ నీటిని శుద్ధి చేయాలంటే ఇసుక పొరలతో వడపోత మడుగులు నిర్మించాలి. అటువంటి మడుగుల విలువ అప్పటికే లోకానికి తెలిసింది. 1892లో జర్మనీలోని హాంబర్గు నగరంలో కలరా ప్రబలి వేలాది ప్రజలు మరణించగా, దానిని ఆనుకొని ఉండి, ఎల్బే నది నీటిని ఇసుకలో వడగట్టి తాగిన ఆల్టోనా పట్టణం చాలావరకు తప్పించుకొంది. అయితే సుక్కూరు మున్సిపాలిటీకి అటువంటి మడుగులు కట్టించే స్తోమత లేదు.

విశ్వేశ్వరయ్య పరిష్కారాన్ని నదిలోనే వెదికారు. వడపోతకు ఇసుక కావాలి. నదీగర్భంలో ప్రకృతి పరచిన ఇసుక ఎంతైనా ఉంది. కొత్తగా మడుగు కట్టి అందులో ఇసుక నింపడానికి బదులు, నది ఒడ్డున ఇసుకలోకి గుండ్రని బావిని దింపితే నది నీరు ఆ ఇసుక గుండా ఊరి, తేటపడి బావిలోకి చేరుతుంది. ఊట చాలనప్పుడు బావి అడుగు నుండి నదీగర్భం కిందికి సొరంగం తవ్వించి ఊటను పెంచవచ్చు. ఈ పద్ధతిలో చేరిన తేటనీటిని యంత్రాలతో గుట్టపైకి ఎక్కించి, అక్కడి నుండి గొట్టాల ద్వారా పట్టణానికి పంపిణీ చేశారు. 1895లో ఈ పథకం పూర్తయింది.

సుక్కూరు పథకంలో గమనించదగిన అంశం ఒకటుంది. ఐరోపా నగరాల పద్ధతిని యథాతథంగా తెచ్చి నిలపడానికి అక్కడ డబ్బు లేదు. డబ్బు లేదన్న కారణంతో ప్రజలను బురదనీటికి వదిలివేయడమూ న్యాయం కాదు. శాస్త్రసూత్రాన్ని పూర్తిగా ఆకళించుకొన్నవాడు మాత్రమే దానిని తక్కువ ఖర్చుతో, స్థానిక వనరులతో, వేరొక రూపంలో ఆచరించగలడు. పేద దేశాల ప్రజలకు మంచినీరు అందించడంలో నేటికీ ఇదే ప్రధాన సమస్య. ఆ సమస్యకు ఇదే ప్రధానమైన సమాధానం కూడా.

ఆ తరువాత సూరత్, పూనా ప్రాంతాల్లో ఆయన పనిచేశారు. పూనా నగరానికీ, పరిసర పొలాలకూ నీరిచ్చే ఖడక్‌వాస్లా జలాశయంలో నిల్వ చాలేది కాదు. ప్రతి వర్షాకాలంలో మిగులు నీరు మత్తడి మీదుగా వృథాగా పోయేది. ఆనకట్ట ఎత్తు పెంచితే భారీ వ్యయమూ, ప్రమాదమూ ఉంటాయి. విశ్వేశ్వరయ్య మత్తడి మీద అమర్చదగిన స్వయంచాలక తలుపులను రూపొందించారు. నీరు ఒక మట్టానికి చేరేదాకా అవి మూసి ఉండి నిల్వను పెంచుతాయి. ఆ మట్టం దాటగానే వాటంతట అవే తెరుచుకొని వరదను విడుస్తాయి. 1903లో వాటిని అక్కడ అమర్చారు. ఆ నిర్మాణానికి పేటెంటు పొందినప్పటికీ, ప్రభుత్వోద్యోగిగా ఉంటూ రూపొందించిన దానికి ప్రభుత్వం నుండి ప్రతిఫలం తీసుకోవడం తగదని ఆయన భావించారు.

బొంబాయి ప్రభుత్వంలో శానిటరీ ఇంజనీరు బాధ్యతలు కూడా ఆయనకు సంక్రమించాయి. నాటి నగరాల స్థితిగతులను గుర్తుచేసుకొంటే ఆ బాధ్యత ఎంత గురుతరమైనదో అర్థమవుతుంది. ఇంటి పెరళ్లలో పాకీదొడ్లు, వీధుల అంచున తెరిచి ఉన్న మురుగు కాలువలు, వాటి పక్కనే తాగునీటి బావులు ఉండేవి. 1896లో బొంబాయిలో ప్రవేశించిన ప్లేగు మరుసటి సంవత్సరానికి పూనాను అల్లకల్లోలం చేసింది. ఆ వ్యాధి ఎలుకల మీది పరాన్నజీవి కీటకాల ద్వారా వ్యాపించేది కాగా, కలరా మురుగు కలిసిన నీటి ద్వారా వ్యాపించేది. రెంటికీ ఇరుకు, చెత్త, అపరిశుభ్రతలు ఆశ్రయమిచ్చాయి.

ఆనాటి వ్యవస్థలో మరొక అన్యాయం కూడా ఉంది. నగరంలోని మలాన్ని ప్రతి ఉదయం బుట్టల్లో, డబ్బాల్లో ఎత్తి, నెత్తిన మోసి ఊరవతల పారబోసే పనిని సమాజం కొన్ని కులాల వారి తలరాతగా చేసింది. నగరం శుభ్రపడటానికి వారు రోగాల పాలయ్యారు. పైగా అంటరానివారన్న అవమానాన్ని భరించారు. మురుగును భూగర్భంలోని గొట్టాలకు అప్పగించడం ఆరోగ్యశాస్త్రానికి ఎంత అవసరమో, మానవ మర్యాదకూ అంతే అవసరం. భారతదేశంలో ఈ అమానుష వృత్తిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టమూ, దానికంటె విస్తృతమైన మరొక చట్టము 2013లోనూ వచ్చాయి. అయినా మురుగు కాలువలను శుభ్రం చేయడానికి మ్యాన్‌హోళ్లలో దిగి విషవాయువులకు బలి అవుతున్న కార్మికుల వార్తలు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి.

భూగర్భ మురుగు పారుదల వెనుక ఉన్న సూత్రం సులభమైనదే. ఇంటికి చేరిన నీటిలో సుమారు అయిదింట నాలుగు వంతులు వాడకం తరువాత మురుగునీరుగా వెలుపలికి వస్తుంది. కనుక కుళాయిలు పెంచిన ప్రతి నగరం మురుగును కూడా పెంచుకొంటుంది. ఆ మురుగును మోసే గొట్టానికి తగినంత వాలు ఉండాలి. వాలు తక్కువైతే మట్టి, మలం అడుగున పేరుకొని గొట్టం మూసుకుపోతుంది. గొట్టంలో ప్రవాహం ఆగకుండా సాగడానికి ఇళ్లలో తగినన్ని నీళ్లు వాడాలి. అంటే మంచినీటి పథకం లేకుండా మురుగు పథకం నడవదు. మురుగు పథకం లేకుండా మంచినీటి పథకం మేలు చేయదు. ఈ రెండూ ఒకే బండికి రెండు చక్రాలు.

ఆ దృష్టితోనే ప్రభుత్వం ఆయనను 1906లో ఏడెన్‌కు పంపింది. నేడు యెమెన్ దేశంలో ఉన్న ఆ రేవుపట్టణం నాడు బ్రిటిష్ వారి అధీనంలో, బొంబాయి ప్రభుత్వ పాలన కింద ఉండేది. మూడు వైపులా సముద్రం, నడుమ ఎండిన అగ్నిపర్వత శిలలు, అపురూపంగా కురిసే వాన, ఇవీ అక్కడి పరిస్థితులు. సముద్రజలాన్ని మరిగించి, ఆవిరిని చల్లార్చి తాగునీరు తయారుచేయడం ఎంతో ఖర్చుతో కూడిన పని. విశ్వేశ్వరయ్య పట్టణాన్ని మాత్రమే పరిశీలించి ఊరుకోలేదు. ఎగువ ప్రాంతాల కొండల్లో వానలు కురుస్తాయనీ, ఆ నీరు లహేజ్ వద్ద నదీగర్భపు ఇసుకలో ఇంకుతున్నదనీ గమనించి, అక్కడ బావులు తవ్వి నీటిని తరలించవచ్చునని సూచించారు. దానితో పాటు పట్టణపు మురుగు పారుదలకూ ప్రణాళిక ఇచ్చారు. పైకి ఎండిపోయినట్లు కనిపించే నదిలో ఇసుక కింద నీరు ఉంటుందన్న సుక్కూరు అనుభవం ఎడారి నేలలో కూడా ఉపకరించింది.

1908లో విశ్వేశ్వరయ్య బొంబాయి ప్రభుత్వ సేవ నుండి స్వచ్ఛందంగా విరమించారు. విదేశాలలోని నీటి పథకాలనూ, మురుగు పథకాలనూ స్వయంగా చూడాలనే సంకల్పంతో యాత్రకు బయలుదేరారు. ఆయన ఐరోపాలో ఉండగా హైదరాబాదు నిజాం ప్రభుత్వం నుండి పిలుపు అందింది. ఆ పిలుపు వెనుక ఒక మహావిషాదం ఉంది.

1908 సెప్టెంబరు చివరి వారంలో మూసీ పరీవాహక ప్రాంతంలో కుంభవృష్టి కురిసింది. ఒక్క రోజులోనే సుమారు 17 అంగుళాల వర్షం పడింది. సెప్టెంబరు 28న మూసీనది కట్టలు తెంచుకొని నగరం మీద విరుచుకుపడింది. అఫ్జల్‌గంజ్, కోల్సావాడి వంటి పేటలు జలమయమయ్యాయి. వేలాది ఇళ్లు నేలమట్టమయ్యాయి. సుమారు పదిహేను వేల మంది మృతి చెందినట్లు అంచనా. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు కొమ్మలెక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకొన్నారు. నాటి పాలకుడైన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఇటువంటి విపత్తు మరల సంభవించకుండా మార్గం చూపవలసిందిగా విశ్వేశ్వరయ్యను ఆహ్వానించారు.

తన పర్యటన ముగించుకొని 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాదు చేరారు. వరద ఎందుకు వచ్చిందో నిర్ణయించడానికి మొత్తం పరీవాహక ప్రాంతాన్ని సర్వే చేయించారు. ఆ ప్రాంతంలో 788 చెరువులు ఉన్నట్లు తేలింది. దాదాపు చదరపు మైలుకు ఒక చెరువు ఉన్నదన్నమాట. కుంభవృష్టికి పై చెరువు తెగి కింది చెరువు మీద పడగా, అది తెగి దానికి దిగువన ఉన్న చెరువు మీద పడగా, రెండు వందలకు పైగా చెరువులు వరుసగా గండిపడి ఆ నీరంతా ఒక్కసారిగా నగరం మీదికి దూకింది. చెరువులు తవ్వించడం ఎంత పుణ్యమో, వాటి కట్టలను, అలుగులను కాపాడుకోకపోవడం అంత పాపమని ఆ వరద నిరూపించింది.

అదే సంవత్సరం అక్టోబరులో ఆయన తన నివేదికను సమర్పించారు. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి జలాశయాలు నిర్మించాలనీ, అసాధారణమైన వరదను అక్కడే ఆపి, నగరం తట్టుకోగలిగినంత మేరకే కిందికి విడవాలనీ సూచించారు. నగరంలో నది గట్లను పటిష్ఠం చేసి, వాటి వెంట ఉద్యానాలు పెంచాలన్నారు. వరదను ఆపే జలాశయమే నగరానికి తాగునీటి భాండాగారం కాగలదు. ఇక్కడొక చిక్కు ఉంది. తాగునీటి కోసం జలాశయం నిండుగా ఉండాలి. వరదను ఆపడం కోసం దానిలో ఖాళీ ఉండాలి. కనుక నీటి మట్టాన్ని ఎప్పుడు ఎంతవరకు ఉంచాలి, తలుపులు ఎప్పుడు ఎత్తాలి అనే మెలకువ నిత్యమూ అవసరం. ఇటువంటి నిర్మాణానికి కట్టేవారి నేర్పుతో పాటు, తరతరాలుగా నడిపేవారి జాగరూకత కూడా కావాలి.

ఆ సూచనలను తరువాతి సంవత్సరాల్లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో అమలు చేశారు. నగరాభివృద్ధి సంస్థ 1912లో ఏర్పడింది. గండిపేట వద్ద మూసీ మీద నిర్మించిన ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద నిర్మించిన హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఒకదాని నిల్వ సామర్థ్యం సుమారు 3.9 టి.ఎం.సి.లు, మరొకదానిది దాదాపు 3 టి.ఎం.సి.లు. అంతకుముందు హుస్సేన్‌సాగర్, మీర్ ఆలం చెరువు వంటి వాటి మీద, ఊరి బావుల మీద ఆధారపడిన నగరానికి ఈ జలాశయాలు నిలకడైన నీటి భాగ్యాన్ని ప్రసాదించాయి. గండిపేట నీరు యంత్రాల సహాయం లేకుండా, నేలవాలును అనుసరించి కాలువలో ప్రవహించి ఆసిఫ్‌నగర్ చేరి, అక్కడ శుద్ధి పొంది ఇళ్లకు వెళ్లేది. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదును విడిచి వెళ్లలేడన్న నానుడి ఆ నీటి రుచిని లోకానికి చాటింది.

విశ్వేశ్వరయ్య దృష్టిలో ఇది సగం పని మాత్రమే. నగరం తన మురుగును మూసీలోకి వదులుతున్నంతకాలం ఎన్ని జలాశయాలు కట్టినా ఆరోగ్యం చేకూరదు. నది రెండు గట్ల వెంట భూగర్భంలో పెద్ద మురుగు కాలువలు నిర్మించి, పేటల నుండి వచ్చే మురుగును నదిలో పడకుండా మధ్యలోనే పట్టి, నగరానికి దిగువన శుద్ధి క్షేత్రానికి చేర్చాలన్నది ఆయన ప్రణాళిక. మంచినీటి పథకానికి దొరికినంత త్వరగా దీనికి మోక్షం దొరకలేదు. 1922లో ప్రభుత్వం మరల ఆయన సలహాను కోరింది. ఆ తరువాతనే పనులు ఊపందుకొని 1930ల ఆరంభానికి నగరంలో భూగర్భ మురుగు వ్యవస్థ ఒక రూపానికి వచ్చింది.

ఈ ఆలస్యం ఒక్క హైదరాబాదుకే పరిమితమైనది కాదు. ప్రపంచంలోని అనేక నగరాల చరిత్ర ఇదే. మంచినీటి కుళాయిని ప్రారంభించే సభకు జనం వస్తారు, కృతజ్ఞతలు చెబుతారు. నేలలో పూడ్చిన మురుగు గొట్టం ఎవరి కంటికీ కనిపించదు. అది సక్రమంగా పనిచేసినంతకాలం ఎవరికీ గుర్తుకు రాదు. కీర్తిని ఆశించేవారు మొదటి పనికే మొగ్గుతారు. ప్రజల క్షేమాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకొనేవారికి రెండో పని విలువ తెలుస్తుంది.

హైదరాబాదు నివేదిక సమర్పించిన పిమ్మట 1909లోనే ఆయన మైసూరు సంస్థానంలో చీఫ్ ఇంజనీరు పదవిని స్వీకరించారు. 1912 నుండి 1918 వరకు దివానుగా పరిపాలించారు. కావేరీ నదిపై కృష్ణరాజసాగర్ నిర్మాణం, 1916లో మైసూరు విశ్వవిద్యాలయ స్థాపన ఆ కాలపు ఘనతలు. పదవీ విరమణానంతరం కూడా తాగునీటి సమస్యను ఆయన మరువలేదు. హెసరఘట్ట చెరువు నీరు చాలక బెంగళూరు నగరం కటకటలాడినప్పుడు, ఆయన అధ్యక్షతన ఏర్పడిన సంఘం సూచనను అనుసరించి, అర్కావతి నదిపై తిప్పగొండనహళ్లి వద్ద జలాశయాన్ని నిర్మించారు. 1933లో అది నగరానికి నీరివ్వసాగింది. ఆ నగరం అంతకంతకూ పెరిగి, 1974 నుండి సుదూరంలోని కావేరి నీటిని ఎత్తిపోసుకోవలసి వచ్చింది.

వార్ధక్యంలో కూడా ఆయన విశ్రాంతిని కోరుకోలేదు. 1937లో ఒరిస్సా వరదలను అధ్యయనం చేసి నివేదిక ఇచ్చారు. 1955లో భారత ప్రభుత్వం భారతరత్న పురస్కారంతో గౌరవించింది. నూరేళ్ల నిండు జీవితాన్ని గడిపి, 1962 ఏప్రిల్ మాసంలో ఆయన పరమపదించారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశం ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నది.

ఆయన చేపట్టిన పని ఇంకా ముగియలేదు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2010 జులై 28న సురక్షితమైన నీటినీ, పారిశుద్ధ్యాన్నీ మానవ హక్కులుగా గుర్తించింది. 2030 నాటికి ఇవి అందరికీ అందాలని 2015లో లక్ష్యం నిర్దేశించింది. అయినప్పటికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్‌ల లెక్కల ప్రకారం 2022 నాటికి సుమారు 220 కోట్ల మందికి సురక్షితంగా నిర్వహించే తాగునీటి సదుపాయం లేదు. పారిశుద్ధ్యం విషయంలో అటువంటి సదుపాయం లేనివారు సుమారు 350 కోట్లు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న అంతరాన్ని పరికిస్తే, పోయే నీటికి దారి చూపడంలో లోకం ఎంత వెనుకబడి ఉన్నదో తెలుస్తుంది. వీరిలో అత్యధికులు ఆఫ్రికా, ఆసియా ఖండాల్లోని పేద దేశాల ప్రజలు. నీటిని మోసి తెచ్చే భారం ఎక్కువగా స్త్రీల మీద, బాలికల మీద పడుతున్నది. కడవ కోసం వరుసలో నిలిచిన బాలికకు బడి గంట వినిపించినా వెళ్లే వీలుండదు.

మన దేశంలో ఈ దిశగా గణనీయమైన ప్రయత్నాలు జరిగాయి. తెలంగాణలో 2016లో మిషన్ భగీరథ ప్రారంభమయింది. 2019 ఆగస్టులో జలజీవన్ మిషన్ ఆరంభమైనప్పుడు దేశంలోని 19 కోట్లకు పైబడిన గ్రామీణ కుటుంబాల్లో 3.23 కోట్ల ఇళ్లకే కుళాయి ఉండగా, 2025 నాటికి ఆ సంఖ్య 15 కోట్లు దాటింది. 2014లో మొదలైన స్వచ్ఛభారత్ ద్వారా కోట్లాది మరుగుదొడ్లు నిర్మించారు. ఇవి సామాన్యమైన విజయాలు కావు. అయితే కుళాయి బిగించిన నాటితో పని పూర్తికాదు. ఆ కుళాయిలో ప్రతిదినమూ నీరు రావాలి, ఆ నీరు పరీక్షలో నిలవాలి. మరుగుదొడ్డి గుంట నిండినప్పుడు దానిలోని మలినం మరొక బావిలోకి ఇంకని ఏర్పాటు ఉండాలి.

విశ్వేశ్వరయ్య వరద నుండి రక్షించిన మూసీనది నేడు నగరపు మురుగును మోస్తూ దిగువ గ్రామాల పొలాల గుండా ప్రవహిస్తున్నది. నగర జనాభా ఆనాటి అంచనాలకు అందనంతగా పెరిగింది. మంజీర, కృష్ణా, గోదావరి నదుల నుండి నీరు తెచ్చుకొన్న వేగంతో వాడిన నీటిని శుద్ధి చేసుకొనే ఏర్పాట్లు పెరగలేదు. 2020 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు నగరంలోని అనేక కాలనీలు నీట మునిగాయి. చెరువుల శిఖాలు, నాలాలు ఆక్రమణలకు గురై నీరు పోయే దారి మూసుకుపోవడం అందుకు ఒక ముఖ్యకారణం. నీటిని మనం మరచిపోయినా, నీరు తన దారిని మరచిపోదు.

ఈ మహనీయుని జీవితం చదివిన విద్యార్థులు తమ ఊరిని ఒకసారి కొత్త చూపుతో పరిశీలించాలి. మన ఇంటి కుళాయి నీరు ఏ చెరువు నుండి, ఏ నది నుండి వస్తున్నది? వాడిన తరువాత అది ఏ కాలువలో చేరి, ఎవరి ఊరికి, ఎవరి బావికి చేరుతున్నది? మొదటి ప్రశ్నకు చాలామంది జవాబు చెప్పగలరు. రెండో ప్రశ్నకు జవాబు వెదికి తెలుసుకొన్న రోజున, సుక్కూరు ఇసుకలో బావి దింపిన ఆ యువ ఇంజనీరు ఎందుకు అంతగా శ్రమించాడో బోధపడుతుంది.